వీపులో దిగిన తూటా – ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్ కథ

ఇండియా నుంచి చుట్టాలొస్తే నయాగరా చూపించడం మనందరికీ తప్పని విధి. మేముండేది క్లీవ్‌లాండ్ కనుక, ఐ-90 మీద తూర్పుగా బయల్దేరిన కాసేపటికే మెంటర్ అనే ఊరూ, అక్కడ ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్ ఇల్లుందని చెప్పే బోర్డూ వస్తాయి. ఎన్నో ఏళ్లపాటు ఆ బోర్డును చూస్తూనే, పులిహోర డబ్బాలు చల్లారకముందే జలపాతం చేరాలన్న తొందరలో దాటిపోయాను. ఒకసారి మా బావగారు కారాపమన్నారు. ఆయన రిటైరైన లెక్కల మేష్టారు. పైథాగరస్ సిద్ధాంతానికి ట్రెపీజియంతో నిరూపణ ఇచ్చిన గార్‌ఫీల్డ్ ఈయనేనా అని అడిగారు. అన్నేళ్లుగా ఈ దేశంలో ఉంటున్న నాకు ఆ సంగతి తెలియదు. సిగ్గుపడి కారు తిప్పాను.

ఆ రోజు నయాగరా చేరేసరికి చీకటి పడింది గానీ, నాకు మాత్రం ఒక మంచి మనిషి పరిచయమయ్యాడు. నేను వృత్తిరీత్యా సర్జన్ని. అందువల్ల ఆయన జీవితం కన్నా ముందు ఆయన మరణం నన్ను పట్టుకుంది. ఆ తర్వాత శవపరీక్ష నివేదికా, ఆయన గురించి దొరికిన పుస్తకాలూ చదివాను. చదివిన కొద్దీ, నా చిన్నప్పటి తప్పొకటి గుర్తొచ్చి నిద్రపట్టేది కాదు. అది తర్వాత చెబుతాను. ముందు ఆయన కథ.

కాలవ గట్టు మీద కుర్రాడు

జేమ్స్ అబ్రామ్ గార్‌ఫీల్డ్ 1831 నవంబరు 19న ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్‌కి దగ్గర్లోని ఆరెంజ్ అనే చోట, దుంగలతో కట్టిన ఇంట్లో పుట్టాడు. రెండేళ్లు నిండకుండానే తండ్రి పోయాడు. తల్లి ఎలైజా పిల్లల్ని పెట్టుకుని, ఉన్న పొలాన్నే నమ్ముకుని సంసారం ఈడ్చింది. ఇలాంటి తల్లులు మనకు కొత్త కాదు. ఈ సభల్లో కూర్చున్నవాళ్లలో ఎందరి వెనకాలో ఇలాంటి అమ్మో, అమ్మమ్మో ఉండే ఉంటుంది.

పదహారో ఏట కుర్రాడికి ఓడల మీద మోజు పుట్టింది. సముద్రం దొరక్క, ఒహాయో కాలవ మీద సరుకు పడవల్లో పనికి కుదిరాడు. గట్టు మీద పడవను లాగే జంతువుల్ని తోలడం పని. ఈత రాదు. నీళ్లలో పడటం మాత్రం చాలాసార్లు జరిగింది. ఒక రాత్రి అలా పడినప్పుడు చేతికందిన తాడు పడవ మీద ఎక్కడో చిక్కుకుని బిగుసుకోబట్టి బతికాడు. కొన్ని వారాలకే మలేరియా తగులుకుని ఇంటికొచ్చి మంచాన పడ్డాడు. కోలుకున్నాక మళ్లీ పడవెక్కుతానంటే తల్లి వద్దని అరవలేదు. తనూ పెద్దకొడుకూ కూడబెట్టిన 17 డాలర్లు చేతిలో పెట్టి, ముందు చదువుకో, తర్వాత చూద్దామంది. అంతే, ఇక పడవ ఎక్కలేదు.

హైరమ్ అనే ఊళ్లోని విద్యాలయంలో చేరి, ఫీజు కట్టడానికి అక్కడే గదులు ఊడ్చాడు. తర్వాత మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కాలేజీలో 1856లో పట్టా పుచ్చుకున్నాడు. తిరిగొచ్చి, తాను చీపురు పట్టిన హైరమ్‌లోనే గ్రీకు, లాటిన్ చెప్పి, 26వ ఏట ఆ విద్యాలయానికే అధిపతి అయ్యాడు. 1858లో లుక్రీషియా రుడాల్ఫ్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఏడుగురు పిల్లలు పుడితే ఇద్దరు చిన్నతనంలోనే పోయారు.

అంతర్యుద్ధం వచ్చింది. 42వ ఒహాయో దళానికి కర్నల్‌గా వెళ్లి, 1862 జనవరిలో కెంటకీలోని మిడిల్ క్రీక్ దగ్గర గెలిచాడు. మేజర్ జనరల్ దాకా ఎదిగాడు. యుద్ధం ముగియకముందే కాంగ్రెస్‌కి ఎన్నికై, పదిహేడేళ్లు అక్కడ కూర్చున్నాడు. బానిసత్వం పోవాలనీ, విడుదలైన నల్లవారికి ఓటూ చదువూ ఉండాలనీ వాదించాడు.

మా బావగారు అడిగిన నిరూపణ ఆ రోజుల్లోదే. 1876లో అచ్చయింది. ఒకే కొలతలున్న రెండు లంబకోణ త్రిభుజాల్ని ఒకే గీత మీద పక్కపక్కన నిలబెట్టి, పై కొనలు కలిపితే ట్రెపీజియం వస్తుంది. మధ్యలో మూడో లంబకోణ త్రిభుజం మిగులుతుంది. ట్రెపీజియం వైశాల్యాన్ని ఒకసారి సూత్రంతోనూ, ఇంకోసారి మూడు త్రిభుజాల్ని కూడీ రాస్తే, రెండు వరసల్లో సిద్ధాంతం తేలిపోతుంది. మా బావగారు మెంటర్ ఇంటి వరండాలో రసీదు వెనకాల గీసి చూపించారు.

కోరకుండా వచ్చిన పదవి

1880లో షికాగోలో రిపబ్లికన్ల మహాసభ జరిగింది. గార్‌ఫీల్డ్ అక్కడికి వెళ్లింది తన కోసం కాదు, తమ రాష్ట్రానికే చెందిన జాన్ షెర్మన్ పేరు ప్రతిపాదించడానికి. ఎవరికీ మెజారిటీ రాక ఓటింగు మీద ఓటింగు జరిగింది. చివరికి 36వ సారి, తెల్లబోయి చూస్తున్న గార్‌ఫీల్డ్‌నే అభ్యర్థిని చేశారు. ఆయన మెంటర్ ఇంటి వరండాలో నిలబడే ప్రచారం చేశాడు. జనమే రైళ్లెక్కి ఆయన దగ్గరికొచ్చారు. దేశం మొత్తం మీద పదివేల ఓట్లు కూడా లేని తేడాతో గెలిచాడు. 1881 మార్చి 4న ప్రమాణస్వీకారం చేస్తుంటే ఎలైజా చూస్తూ కూర్చుంది. కొడుకు అధ్యక్షుడవుతుంటే కళ్లారా చూసిన మొదటి తల్లి ఆవిడే.

ఆ రోజుల్లో ప్రభుత్వోద్యోగం అంటే పార్టీ పంచిపెట్టే ప్రసాదం. వైట్‌హౌస్ గుమ్మం ముందు ఉద్యోగాలడిగేవాళ్లు బారులు తీరేవారు. వాళ్లలో ఛార్లెస్ గిటో ఒకడు. తన ఉపన్యాసం వల్లే గార్‌ఫీల్డ్ గెలిచాడనీ, పారిస్‌లో కాన్సల్ ఉద్యోగం తనకు రాసిపెట్టి ఉందనీ నమ్మాడు. మతి స్థిమితం లేనివాడు. ఉద్యోగం రాదని తేలాక, అధ్యక్షుణ్ణి తప్పించమని దేవుడే చెప్పాడనుకుని రివాల్వర్ కొన్నాడు.

1881 జులై 2, శనివారం ఉదయం. గార్‌ఫీల్డ్ తన పాత కాలేజీకి వెళ్లడానికి వాషింగ్టన్‌లోని బాల్టిమోర్ అండ్ పొటోమాక్ రైల్వే స్టేషన్‌లోకి అడుగుపెట్టాడు. దారిలో, మలేరియా నుంచి కోలుకుంటున్న భార్యను కలుపుకుని పోవాలని ఆలోచన. గిటో వెనక నుంచి వచ్చి రెండుసార్లు కాల్చాడు. మొదటి తూటా చేతిని గీరుకుపోయింది. రెండోది వీపులో, వెన్నుకు కుడిపక్కన నాలుగంగుళాల దూరంలో దిగింది.

అందరికీ ఒకటే ఆత్రం – తూటా ఎక్కడ?

స్టేషన్ నేల మీద పడి ఉన్న మనిషి గాయంలో మొదట వచ్చిన డాక్టరు వేలు పెట్టి తూటా కోసం వెతికాడు. కాసేపటికి బ్లిస్ అనే ఆయన వచ్చాడు. ఈయన తల్లిదండ్రులు పెట్టిన పేరే డాక్టర్. అంటే డాక్టర్ డాక్టర్ బ్లిస్ అన్నమాట! ఆయనా వేలూ, లోహపు సలాకా దూర్చి వెతికాడు. ఆ వేళ్లు కడిగినవి కావు, ఆ సలాకలు మరిగించినవి కావు. అక్కడే ఉన్న ఛార్లెస్ పర్విస్ అనే నల్లజాతి డాక్టరు, రోగి ఒంటికి వెచ్చదనం ఇచ్చే ఏర్పాట్లు సూచించాడు. పదవిలో ఉన్న అధ్యక్షుడికి వైద్యం చేసిన మొదటి నల్లజాతి వైద్యుడిగా చరిత్రలో మిగిలాడు.

జోసెఫ్ లిస్టర్ తన క్రిమినాశక పద్ధతిని 1867లోనే ప్రకటించాడు. 1876లో ఫిలడెల్ఫియాకి స్వయంగా వచ్చి అమెరికా డాక్టర్లకి వివరించాడు కూడా. కుర్ర డాక్టర్లు కొందరు విన్నారు. కంటికి కనిపించని క్రిమి మనిషిని చంపుతుందంటే పెద్దవాళ్లు చాలామంది నవ్వుకున్నారు.

బ్లిస్ వైద్యమంతా తన చేతిలోకి తీసుకున్నాడు. అప్పటిదాకా గార్‌ఫీల్డ్‌ని చూస్తున్న సొంత డాక్టరును గుమ్మంలోంచే పంపించేశాడు. ఫిలడెల్ఫియా, న్యూయార్క్‌ల నుంచి పేరున్న సర్జన్లు వచ్చారు గానీ, తూటా కుడిపక్కన కాలేయం వైపు వెళ్లిందన్న మొదటి అంచనా మాత్రం మారలేదు. జులై చివరి వారంలో చలీ, జ్వరం మొదలయ్యాయి. చీము పట్టింది. కోశారు, గొట్టాలు పెట్టారు, మళ్లీ కోశారు. చీము కండరాల మధ్య దారి చేసుకుంటూ డొక్కలోంచి గజ్జల దాకా దిగింది. సలాకా సులువుగా లోపలికి పోతుంటే, అదే తూటా వెళ్లిన దారి అనుకున్నారు. నిజానికి అది చీము చేసిన దారి.

టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్, లోహం దగ్గరికి రాగానే చప్పుడు చేసే పరికరం తయారుచేసి జులై 26న, ఆగస్టు 1న వైట్‌హౌస్‌కి తెచ్చాడు. రోగి కింద ఉన్న పరుపులో ఉక్కు తీగలున్నాయని ముందు ఎవరికీ తోచలేదు. పైగా వెతికింది బ్లిస్ చూపించిన కుడిపక్కనే. తూటా ఉన్నది ఎడమపక్కన! ఎక్స్‌రేలు రావడానికి ఇంకా పద్నాలుగేళ్లుంది.

వాషింగ్టన్ ఎండలకు గది చల్లబరచడానికి నౌకాదళం ఇంజనీర్లు ఐస్ మీదుగా గాలిని తోలే యంత్రం కట్టారు. రెండు నెలల్లో ఐదు లక్షల పౌన్ల పైచిలుకు ఐసు కరిగింది. నోటితో తిన్నది ఇమడక, మలద్వారం గుండా మాంసపు రసం, గుడ్డుసొన ఎక్కించారు. రెండు వందల పౌన్లు దాటిన మనిషి 130కి వచ్చాడు. ఇన్ని బాధల్లోనూ విసుక్కోలేదని దగ్గరున్నవాళ్లంతా రాశారు.

సముద్రం చూడాలని ఉందన్నాడు. సెప్టెంబరు 6న ప్రత్యేక రైల్లో న్యూజెర్సీలోని ఎల్బెరాన్‌కి తీసుకెళ్లారు. స్టేషన్ నుంచి ఆ ఇంటి గుమ్మం దాకా అర మైలుకు కాస్త ఎక్కువగా దూరముంటే, కుదుపు లేకుండా తీసుకెళ్లాలని జనం రాత్రికి రాత్రి పట్టాలు పరిచారు. కాలవ పడవల మీద సముద్రం కలగన్న కుర్రాడు కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ మరో రెండు వారాలున్నాడు. సెప్టెంబరు 19 రాత్రి ప్రాణం పోయింది. యాభై నిండటానికి రెండు నెలలు తక్కువ.

శవపరీక్షలో తేలింది ఇది. తూటా పక్కటెముకను విరిచి, నడుం దగ్గరి మొదటి వెన్నుపూసలోంచి దూసుకుపోయి, వెన్నుపామును తాకకుండా, ఎడమపక్కన క్లోమం కింద ఆగింది. దాని చుట్టూ శరీరమే ఒక తిత్తి కట్టేసింది. దానివల్ల ఏ హానీ జరగడం లేదు. కుడిపక్కన మాత్రం చీము గుంటలు. చివరికి తూటా దారిలో దెబ్బతిన్న రక్తనాళం పగిలి లోపల రక్తం కారింది. ఈ రోజుల్లో అయితే ఆయన కొద్ది వారాల్లో ఇంటికెళ్లేవాడని చాలామంది సర్జన్ల అభిప్రాయం. ఆ రక్తనాళం వల్ల ఆ కాలంలో ఎలాగూ దక్కేవాడు కాదనే వాదనా ఉంది. కానీ ఆ వేళ్లూ సలాకలూ మేలు చేయలేదన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. తాను కాల్చాను గానీ చంపింది డాక్టర్లని గిటో కోర్టులో వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. 1882 జూన్ 30న ఉరితీశారు.

నా తప్పు

ఇప్పుడు నా సంగతి. ఆంధ్రాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులు. చేలో నీటి తగాదాలో ఒకతని ఎడమ డొక్కలో, కాస్త వీపు వైపుగా, కత్తితో పొడిచారు. రాత్రి జీపులో తెచ్చారు. బీపీ బాగుంది, పొట్ట మెత్తగా ఉంది, నవ్వుతూ మాట్లాడాడు. నేను గ్లవ్సు వేసుకుని గాయంలో వేలు పెట్టి చూశాను. కండలో ఆగినట్టనిపించింది. కుట్లేశాను. తెల్లారి రౌండ్సులో పైపై గాయమేనని ధీమాగా చెప్పాను. మూడో రోజు జ్వరం వచ్చింది. నాలుగో రోజు మా ప్రొఫెసరుగారు తెరిచి చూస్తే, పెద్దపేగు వెనకవైపు చిన్న చిల్లు. ఆ వెనకంతా మలంతో కలిసిన చీము. తొమ్మిదో రోజు అతను పోయాడు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. నువ్వు చేయగలిగింది చేశావు బాబూ అని చేతులు జోడించింది. అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

శరీరం వెనకభాగం గురించి అప్పుడు నాకు అర్థం కాని విషయం ఒకటుంది. వీపూ డొక్కా గోడల్లా మందంగా ఉంటాయి. చాలా కత్తిపోట్లు కండలోనే ఆగిపోతాయి కూడా. కానీ దాటితే, ఆ వెనక మూత్రపిండాలు, పెద్దపేగు వెనకభాగం, క్లోమం, ఆంత్రమూలం, పెద్ద రక్తనాళాలు ఉంటాయి. ఇవన్నీ పొట్ట సంచికి వెనక దాక్కున్నవి. అక్కడ చిల్లు పడినా పొట్ట వెంటనే బిగుసుకోదు, నొప్పి సరిగా చెప్పదు. రెండు మూడు రోజుల దాకా అంతా బాగున్నట్టే మోసం చేస్తుంది. ముందు పొట్టలో పోటు అరిచి చెబుతుంది, వెనక పోటు మౌనంగా చంపుతుంది. వేలు పెడితే కండలు పక్కకి జరిగి దారి మూసుకుపోతుంది. పైగా ఆగిన రక్తం మళ్లీ మొదలవచ్చు, మురికి లోపలికి పోవచ్చు.

ఇప్పుడేం చేస్తారు? బీపీ పడిపోతున్నా, పొట్ట బిగుసుకున్నా ఆలస్యం చేయకుండా ఆపరేషన్. లేకపోతే నరంలోకి మందు ఎక్కించి సి.టి. స్కాన్ తీస్తారు. పేగు మీద అనుమానం ఉంటే నోటి నుంచీ, కింద నుంచీ కూడా మందు పంపి చూస్తారు. ఈ పద్ధతి 1980లలో వాడుకలోకి వచ్చింది. స్కాన్ బాగున్నా, కనీసం ఒక రోజు దగ్గరుంచుకుని మళ్లీమళ్లీ పరీక్షిస్తారు. వీలైతే ఒకే డాక్టరు చేయి పెట్టి చూడటం మంచిది, మార్పు తెలుస్తుంది. తూటా ఎక్కడుందన్నది కాదు, దారిలో ఏం చెడగొట్టిందన్నది ప్రశ్న. హాని చేయని చోట ఉంటే తూటాని అలాగే వదిలేస్తారు.

గార్‌ఫీల్డ్ పోయిన నూరేళ్లకి, 1981 మార్చి 30న, ఇదే వాషింగ్టన్‌లో ప్రెసిడెంట్ రీగన్‌ని కాల్చారు. తూటా ఎడమ చంక కింద దిగి ఊపిరితిత్తిలోకి పోయింది. ఒంట్లో సగం రక్తం పోయింది. నిమిషాల్లో ఆసుపత్రి, రక్తం, ఆపరేషన్. డెబ్భై ఏళ్ల మనిషి ఏప్రిల్ 11న ఇంటికెళ్లాడు. పోయినసారి డెబ్భైతొమ్మిది రోజులు, ఈసారి పన్నెండు!

మనం గుర్తుంచుకోవలసింది

అలాంటి గాయం మీ ఎదుట జరిగితే – 911కి ఫోన్ చేయండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. దిగిన కత్తిని లాగకండి, అదే రక్తాన్ని ఆపుతూ ఉండొచ్చు. గాయంలో వేలు పెట్టి వెతకకండి. మనిషి బాగానే మాట్లాడుతున్నాడని ఇంటికి తీసుకుపోకండి. ముందువైపు గాయం కనిపించిందని వీపు చూడటం మరిచిపోకండి.

ఈ సభలకొచ్చిన కుర్ర డాక్టర్లకి ఇంకొక్క మాట. బ్లిస్ చెడ్డవాడు కాదు, రాత్రింబవళ్లు కష్టపడ్డాడు. తన మొదటి అంచనాని తానే ప్రేమించాడు, అంతే. రెండో అభిప్రాయం అడిగిన రోగిని చూసి చిన్నబుచ్చుకోకండి. నర్సు మీ పొరపాటు ఎత్తిచూపితే కృతజ్ఞతలు చెప్పండి. మీకు తెలియనిది పక్కనున్న జూనియర్‌కి తెలిసి ఉండొచ్చు. లిస్టర్ మాట విన్నది కుర్రాళ్లే కదా!

ఆయన చావు పూర్తిగా వృథా కాలేదు. 1883 జనవరిలో పెండిల్టన్ చట్టం వచ్చి, ప్రభుత్వోద్యోగాలకి పరీక్షలు పెట్టే పద్ధతి మొదలైంది. దాని మీద సంతకం చేసిన ఛెస్టర్ ఆర్థర్, పాత పంపకాల రాజకీయంలో పెరిగినవాడే. అమెరికా ఆపరేషన్ గదుల్లో చేతులు కడుక్కోవడం కూడా ఆ తర్వాతి సంవత్సరాల్లో స్థిరపడింది.

ఆ మూడు వెన్నుపూసల్ని మేరీలాండ్‌లోని ఆరోగ్య వైద్య మ్యూజియంలో భద్రపరిచారు. తూటా వెళ్లిన దారి తెలిసేలా మధ్యలో ఒక పుల్ల గుచ్చి ఉంటుంది. ఆ పుల్ల ఎడమవైపుకు పోతుంది. ఎనభై రోజులపాటు అందరూ కుడివైపు వెతికారు.

ఇప్పుడు చుట్టాలొస్తే నయాగరాకి ఒక గంట ముందే బయల్దేరుతున్నాం. మెంటర్‌లో ఆగి, ఆ వరండాలో కూర్చుని పులిహోర తిని మరీ వెళ్తున్నాం. మీరూ ఎప్పుడైనా క్లీవ్‌లాండ్ వస్తే కబురు చేయండి. దారి నేను చూపిస్తాను, లెక్క మా బావగారు చెబుతారు.